ఢిల్లీ లేఖ: ప్రాణవాయువు పాఠం

2021 జూలై 20న రాజ్యసభలో ఆరోగ్యశాఖ సహాయమంత్రి ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం ఒకటి రాజధానిలో పెద్ద దుమారం లేపింది. కోవిడ్ రెండవ ఉద్ధృతిలో ఆక్సిజన్ కొరతవల్ల మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలుగాని, కేంద్రపాలిత ప్రాంతాలుగాని ప్రత్యేకంగా నివేదించలేదన్నది దాని సారాంశం. ప్రతిపక్షాలు అది పచ్చి అబద్ధమన్నాయి. రాష్ట్రాలు పంపిన లెక్కలనే సభముందు ఉంచామని ప్రభుత్వం అన్నది. మావంటి విలేఖరులు ఉభయుల వాదాలనూ యథాతథంగా రాసి పంపారు. అయితే ఊపిరి అందక మనిషి మరణించినప్పుడు శరీరంలో నిజానికి జరిగేదేమిటి, దానిని కాగితంమీద ఏ పేరుతో రాస్తారు అన్న ప్రశ్న అటు సభలోనూ, ఇటు పత్రికలలోనూ ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్న నా మనసులో నలుగుతూనే ఉన్నది. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, బిల్లులూ సవరణలూ రాస్తూ తల నెరసిన నేను, నిరుడు ఒక కళాశాల అంతర్జాలం ద్వారా నడుపుతున్న మానవ శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాల కోర్సులో చేరాను. పదహారు వారాల చదువు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ సంస్థ ఉచితంగా అందించే 28 అధ్యాయాల గ్రంథమే పాఠ్యపుస్తకం. సహాధ్యాయులలో అధికసంఖ్యాకులు నా పిల్లల వయసువారు. సభలు తరచు వాయిదా పడుతున్న కాలం కనుక నాకు తీరికకు లోటు కలుగలేదు.

మొదటి చిక్కు పరిభాషతో వచ్చింది. లాటిన్, గ్రీకు పదాలు గుట్టలుగా వచ్చిపడేవి. తెలుగు అకాడమీ పుస్తకాలు తెప్పించుకుని ధమని, సిర, కర్ణిక, జఠరిక అని మనసులో మార్చుకుంటూ చదివాను. ఇక్కడొక చిత్రమున్నది. మన ఇళ్లలో నాడి చూడమంటే మణికట్టు చాస్తారు. పాఠ్యపుస్తకంలో నాడి అంటే మెదడు వార్తలు మోసే తంతువు. ఒకటి రక్తానిది, రెండవది విద్యుత్తుది. ఈ రెండింటినీ విడదీసుకోవడానికి నాకు ఒక వారం పట్టింది.

శ్వాసక్రియ అధ్యాయానికి వచ్చేసరికి రాజ్యసభ సమాధానం మళ్లీ కళ్లముందు నిలిచింది. రక్తంలోని ఆక్సిజన్‌లో నూటికి 98 వంతులకు పైగా హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోయగలదు. అయితే ఈ మోత సమంగా తగ్గేది కాదు. ఆరోగ్యవంతుని ధమనులలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్లు. అది 60కి పడినా హిమోగ్లోబిన్ 90 శాతం నిండుగానే ఉంటుంది. ఆ తరువాతది జారుడుబండ. 40 దగ్గర 75 శాతం, 27 దగ్గర సగానికి సగం. అంటే మొదటి 40 మిల్లీమీటర్ల నష్టం మనిషికి అంతగా తెలియదు. తరువాతి 33 మిల్లీమీటర్ల నష్టం ప్రాణం మీదికి తెస్తుంది.

ఊపిరితిత్తులు నీరుపట్టిన రోగి ఆ జారుడుబండ అంచునే కూర్చుని ఉంటాడు. విశ్రాంతిగా ఉన్న మనిషికే నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ కావాలి. దేహంలో ఉండే నిల్వ ఒకటిన్నర లీటరుకు మించదు, అదైనా పూర్తిగా అక్కరకు రాదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై ఆక్సిజన్ పీడనం పడిపోయినప్పుడు 11 మంది మరణించారు. సరఫరాకు అంతరాయం కలిగినది కొద్ది నిమిషాలేనని అప్పట్లో అధికారులు అన్నారు. గొట్టంలో పీడనం తగ్గితే అంచున ఉన్నవారికి నిమిషాలు చాలునని పాఠం చెబుతున్నది. రాష్ట్రప్రభుత్వం పంపిన నివేదికను ఉటంకిస్తూ, పీడనం తగ్గిన సంగతిని ఆగస్టులో కేంద్రం పార్లమెంటుకు తెలియజేసింది కూడ.

మరి జూలైలో ఆ మరణాలు లెక్కలోకి ఎందుకు రాలేదు? ఆసుపత్రిలో మరణించినవారి కారణాన్ని నమోదుచేసే ఫారం 4ను చూస్తే సంగతి బోధపడుతుంది. హృదయం ఆగిపోవడం వంటి మరణ రీతిని కాదు, వ్యాధినో గాయాన్నో రాయమని దానిలో సూచన ఉన్నది. శాస్త్రరీత్యా సబబైన సూచనే. కనుక వైద్యుడు కోవిడ్ అనీ, న్యుమోనియా అనీ రాస్తాడు. ట్యాంకరు రాలేదని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. లేని గడిలో ఎవరూ ఏమీ రాయలేదన్నదే ఆనాటి సమాధానం. దానిని అబద్ధమని నిరూపించడం కష్టం. నిజమని ఒప్పుకోవడం అంతకంటే కష్టం. హిమోగ్లోబిన్ సంగతి ఎరిగిన సభ్యుడు ఒక్కడుంటే, మరణకారణం కాదు, ఏ ఆసుపత్రిలో ఏ గంటకు పీడనం ఎంత ఉన్నదని అనుబంధ ప్రశ్న వేసి ఉండేవాడు. కొత్త సభ్యులకు సభా నియమాలు బోధించే శిక్షణలో శ్వాసక్రియకు ఒక పూట కేటాయిస్తే నష్టమేమీ లేదు.

ఇంతవరకు తెర నాకు చక్కగా బోధించిందనే చెప్పాలి. శరీర నిర్మాణం దగ్గర మాత్రం అది చేతులెత్తేసింది. తెరమీది గుండెలో మంచిరక్తం ఎరుపు, చెడురక్తం నీలం. వేలితో తాకితే గిర్రున తిరిగి తన పేర్లన్నీ చెబుతుంది. కోర్సువారి సూచన మేరకు ఐఎన్ఏ మార్కెట్ నుండి మేక గుండె ఒకటి తెచ్చాను. కత్తి తిరిగి వంటింటికి రాకూడదన్న షరతుతో నా శ్రీమతి పాత కత్తి ఒకటి దానం చేసింది. కోసి చూస్తే అంతా ఒకే రంగు. ఏది కుడి, ఏది ఎడమ అన్నది తేల్చుకోవడానికి అరగంట పట్టింది. చివరికి గోడలను వేళ్లమధ్య పట్టి చూసి తెలుసుకున్నాను: ఎడమ జఠరిక గోడ కుడిదానికి దాదాపు మూడింతల మందం. ఒకటి పక్కనున్న ఊపిరితిత్తులకు రక్తం పంపితే చాలు, రెండవది కాలి బొటనవేలి దాకా నెట్టాలి. మూడు వారాలు తెరమీద చదివిన విషయమే అది.

ఒక విలేఖరికి ఈ తేడా వినోదం. నర్సుకో, టెక్నీషియన్‌కో అది వృత్తి. సాధారణ డిగ్రీలలో 40 శాతం వరకు క్రెడిట్లను ‘స్వయం’ వేదికమీది పాఠాల ద్వారా పొందవచ్చునని 2021లో అనుమతించిన యూజీసీ, ఆరోగ్య, అనుబంధ శాస్త్రాల కోర్సులను ఆన్‌లైన్‌లోగాని, దూరవిద్య ద్వారాగాని నడపరాదని 2025లో ఆదేశించింది. ఈ ఆదేశం న్యాయమైనదే. 2022లో ఉక్రెయిన్ నుండి ‘ఆపరేషన్ గంగ’ విమానాలలో తిరిగివచ్చిన వేలాది వైద్య విద్యార్థుల గోడు దీనికి వెనుకటి అధ్యాయం. వారిలో తెలుగు పిల్లలు అనేకులు. ఇక్కడి కళాశాలలలో వారిని సర్దడానికి చట్టం ఒప్పదని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. చివరి ఏడాది చదువు తెరమీద ముగించినవారికి 2023 మార్చిలో ఒక్క అవకాశం లభించింది: పరీక్ష, దానిపైన రెండేళ్ల ఇంటర్న్‌షిప్. సూత్రం సరైనదే కావచ్చును. కాని యుద్ధాన్ని వారు కోరి తెచ్చుకోలేదు గదా. ఆ రెండేళ్లు వారి వయసులో చిన్నవి కావు.

తెర ఇవ్వలేని పాఠాన్ని దేహాలే ఇవ్వాలి, ఆ దేహాలను ఎవరో ఒకరు దానం చేయాలి. ఈ విషయంలో మన పార్లమెంటేరియన్ల చరిత్ర వారి ప్రసంగాలకంటే మెరుగు. లోక్‌సభ మాజీ స్పీకరు సోమనాథ్ ఛటర్జీ భౌతికకాయం 2018లో కోల్‌కతాలోని వైద్యకళాశాలకు చేరింది. జనసంఘ్ నిర్మాతలలో ఒకరూ, రాజ్యసభ మాజీ సభ్యుడూ అయిన నానాజీ దేశ్‌ముఖ్ 2010లో కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని ఢిల్లీలోని ఎయిమ్స్‌కు అప్పగించారు. పన్నెండేళ్లపాటు రాజ్యసభలో ఆ భావజాలాన్ని అడుగడుగునా ఎదిరించిన తెలుగువాడు, మార్క్సిస్టు నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న మరణించారు. ఆయన దేహాన్ని కూడ విద్యాబోధనకూ పరిశోధనకూ అదే ఎయిమ్స్‌కు ఇచ్చారు.