బెల్ నొక్కినా వీడియో కనిపించట్లేదా? ఫీడ్ రీడర్ ట్రై చేయండి!

సబ్‌స్క్రైబ్ చేశారు, బెల్ ఐకాన్ కూడా నొక్కారు. అయినా ఇష్టమైన ఛానల్ వీడియో రెండ్రోజుల తర్వాత కనిపిస్తోందా? తప్పు మీది కాదు. మన ముందుకు ఏది రావాలో యాప్‌లోని అల్గారిథమే డిసైడ్ చేస్తోంది. దీనికి పాత విరుగుడు ఒకటుంది. అదే ఆర్ఎస్ఎస్ ఫీడ్.

1999లో నెట్‌స్కేప్ కంపెనీ తెచ్చిన టెక్నాలజీ ఇది. సైట్‌లో కొత్తగా ఏం పెట్టినా దాని హెడ్డింగ్, లింక్, టైమ్ ఓ చిన్న ఫైల్‌లో చేరిపోతాయి. ఫీడ్ రీడర్ యాప్ ఆ ఫైల్‌ను మాటిమాటికీ చూసొచ్చి, కొత్తవన్నీ ఒకేచోట వరుసగా పెడుతుంది. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడటంతో ఫీడ్ల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ పాడ్‌కాస్ట్‌లు ఇప్పటికీ నడిచేది ఫీడ్ల మీదే!

వాడటం ఈజీనే. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి యాప్ ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకుని, సెర్చ్‌లో సైట్ అడ్రస్ పేస్ట్ చేసి ఫాలో కొడితే చాలు. యూట్యూబ్ ఛానల్ లింక్ ఇచ్చినా తీసుకుంటుంది.

అసలు ఉపయోగం ఇంకోటుంది. ఫలానా నోటు రద్దంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి కదా! ఆర్బీఐ, పీఐబీ సైట్లకు సొంత ఫీడ్లున్నాయి. వాటిని యాడ్ చేసుకుంటే ఆ ప్రకటన నిజంగా వచ్చిందో లేదో మీరే చూసుకోవచ్చు. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసే ముందే తెలిసిపోతుంది.

అయితే ప్రతి సైట్‌కూ ఫీడ్ ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ అయితే అసలు ఇవ్వదు. అలాగని దొరికినవన్నీ యాడ్ చేస్తే చదవనివి వందల్లో పేరుకుపోతాయి. ముందు ఓ పది సైట్లతో మొదలెట్టండి.