చదరంగంలో ఆడవాళ్లెక్కడ? అపోహలు – వాస్తవాలు

సాయంత్రం రాయదుర్గం మెట్రో ఎక్కితే ఫోన్లలో చదరంగం ఆడేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. మైండ్‌స్పేస్ క్యాంటీన్లలో గుకేశ్, ప్రజ్ఞానంద, మన హనుమకొండ అర్జున్ పేర్లు ధారాళంగా దొర్లుతాయి. కోనేరు హంపి పేరెత్తితే మాత్రం ‘ఆ, విన్నాం’ దగ్గరే ఆగిపోతారు. ఆడవాళ్ల చదరంగం గురించి అక్కడ వినిపించే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: ఆడవాళ్లు ఈ ఆటలోకి వచ్చింది ఈమధ్యే, ‘క్వీన్స్ గ్యాంబిట్’ సీరియల్ తర్వాతే.

మహిళల తొలి ప్రపంచ చాంపియన్ వెరా మెంచిక్ గెలిచింది 1927లో. రెండేళ్లకు ఆమె కార్ల్స్‌బాడ్‌లో మగ దిగ్గజాల సరసన ఆడబోతుంటే, ఆల్బర్ట్ బెకర్ అనే ఆటగాడు ఎగతాళి చేశాడు: ఆమె చేతిలో ఓడినవాళ్లందరినీ ‘వెరా మెంచిక్ క్లబ్’లో చేర్చాలట. మొదటి సభ్యుడు తనే అయ్యాడు! 1933లో బ్రిటిష్ మహిళల టైటిల్ గెలిచిన ఫాతిమా మన ఉపఖండం నుంచి వెళ్లిన మనిషి. సర్ ఉమర్ హయత్ ఖాన్ ఇంట్లో పనిచేసేది. ఇక ఆ సీరియల్ సంగతి. మగవాళ్లతో ఎన్నడూ ఆడలేదని అందులో చెప్పిన నోనా గాప్రిందాష్విలీ, 1978లో గ్రాండ్‌మాస్టర్ టైటిల్ అందుకున్న తొలి మహిళ. మగవాళ్లతో ఎన్నో గేములు ఆడింది కాబట్టే నెట్‌ఫ్లిక్స్ మీద దావా వేసింది. 2022లో అది రాజీతో ముగిసింది.

అపోహ: మగవాళ్ల పోటీలు వేరు, ఆడవాళ్ల పోటీలు వేరు.

మహిళల విభాగం విడిగా ఉన్నమాట నిజమే. కానీ రెండోదాని పేరు ‘ఓపెన్’. అందులో ఎవరైనా ఆడొచ్చు. ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. 1976లో పదమూడేళ్ల రోహిణీ ఖాడిల్కర్ జాతీయ పురుషుల చాంపియన్‌షిప్‌లో ఆడితే పెద్ద గొడవే అయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే, జాతీయ, అంతర్జాతీయ చాంపియన్‌షిప్‌ల నుంచి ఆడవాళ్లను ఆపడానికి వీల్లేదని తేల్చాడు. ఈ యూవే కూడా మెంచిక్ చేతిలో రెండుసార్లు ఓడి ఆ ‘క్లబ్’లో చేరినవాడే!

కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఆదివారం టోర్నమెంట్లకు వెళ్లి చూడండి. ఎనిమిదేళ్ల పిల్ల జడ వెనక్కి తోసుకుని, ఏనుగును జరిపి, అదే చేత్తో క్లాక్ నొక్కి, స్కోర్‌షీట్‌లో ఎత్తు రాసుకుంటుంది. ఎదురుగా ఉన్నది అబ్బాయే. చివర్లో ఇచ్చే ‘బెస్ట్ గర్ల్’ కప్పు చూసి, ఆడపిల్లల పోటీయే వేరని పెద్దవాళ్లు అనుకుంటారు. 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా పోటీల్లో హంపి అండర్-12 టైటిల్ గెలిచింది అబ్బాయిలతో ఆడే.

అపోహ: ఆడవాళ్లకు గ్రాండ్‌మాస్టర్ టైటిల్ తేలిగ్గా ఇస్తారు.

ఇక్కడ రెండు టైటిళ్లను కలిపేస్తున్నారు. రెండింటికీ మామూలుగా నార్మ్‌లు, అంటే టోర్నమెంట్లలో నిర్ణీత స్థాయి ఫలితాలు, కావాలి. రేటింగ్ మాత్రం మహిళా గ్రాండ్‌మాస్టర్‌కు 2300 చాలు. ఏ విశేషణమూ లేని గ్రాండ్‌మాస్టర్‌కు 2500 ఉండాలి. ఇందులో ఆడామగా తేడా లేదు. ప్రపంచంలో ఈ టైటిల్ ఉన్నవాళ్లు రెండు వేలకు పైచిలుకు. వాళ్లలో ఆడవాళ్లు పట్టుమని యాభై మంది లేరు. మన దేశం నుంచి తొలి నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: గుడివాడ హంపి, గుంటూరు ద్రోణవల్లి హారిక.

హంపికి తండ్రి అశోకే గురువు. కూతురి ఆట కోసం ఉద్యోగం వదులుకున్నారు. 2002లో బుడాపెస్ట్‌లో ఆఖరి నార్మ్ అందుకునేసరికి ఆమె వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది. 2008లో హూ యీఫాన్ వచ్చేదాకా ఆ రికార్డును ఎవరూ దాటలేదు. 2007లో 2600 రేటింగ్ దాటి, పోల్గార్ తర్వాత ఆ ఘనత సాధించిన రెండో మహిళ అయింది.

ఆ 2002లోనే, అక్టోబర్‌లో, చదరంగం ప్రపంచ కప్‌కు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. ఆనంద్ గెలిచాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. అదే ఊళ్లో ఆ రోజుల్లోనే మహిళల ప్రపంచ కప్ కూడా జరిగిందనీ, బల్గేరియా అమ్మాయి ఆంతోనెతా స్తెఫనోవా గెలిచిందనీ ఎంతమందికి గుర్తు? ఆడవాళ్లు ఆడకపోవడం వేరు, ఆడినా మనం గుర్తుపెట్టుకోకపోవడం వేరు. చదరంగంలో ఎక్కువగా జరిగింది రెండోదే.

అపోహ: పెళ్లి, పిల్లలతో ఆట ముగుస్తుంది.

ఐటీ కారిడార్‌లో ప్రసూతి సెలవు అడిగినవాళ్లకు ఈ ధోరణి కొత్తకాదు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ హారిక 2022 మామల్లపురం ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఆడింది. జట్టుకు కాంస్యం దక్కింది. రెండేళ్లకు బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకు మొదటి బోర్డు ఆమెదే. 2017లో తల్లైన హంపి మరుసటి ఏడాదే మళ్లీ బోర్డు ముందు కూర్చుంది. 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో తొలి రౌండే ఓడి, ఆ టైటిల్‌ను రెండోసారి పట్టుకొచ్చింది. అప్పుడామెకు 37.

ఏడు నెలలకు జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఎదురుగా నాగ్‌పూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. ఆమె పుట్టేనాటికే హంపి గ్రాండ్‌మాస్టరై మూడేళ్లు దాటింది. రెండు క్లాసికల్ గేములూ డ్రా. టైబ్రేక్‌లో దివ్య గెలిచింది, ఆ గెలుపుతోనే తనూ నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది.