తీగకు తెలివొచ్చిన కథ

1882 డిసెంబరు 22. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ ఇంట్లో ఒక క్రిస్మస్ చెట్టు మోటారు మీద గుండ్రంగా తిరుగుతోంది. కొమ్మల నిండా ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 విద్యుద్దీపాలు. చెట్టు తిరిగేకొద్దీ ఒక వరస ఆరి ఇంకో వరస వెలుగుతోంది. జాన్సన్ ఎడిసన్ కంపెనీలో ఉపాధ్యక్షుడు. నగరంలో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలై అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. అంతవరకూ ఆ చెట్లకు మైనపు వత్తులే దిక్కు, వాటితో పాటు నిప్పు భయమూ ఉండేది. పండగ దీపాల దండ పుట్టింది ఆ రాత్రే. మెరవడం, ఆరడం దానికి పుట్టుకతోనే వచ్చాయి.

20వ శతాబ్దం మొదట్లో తీగలు బిగించిన సెట్లు దుకాణాలకు వచ్చాక అది సామాన్యుల ఇళ్లకు చేరింది. ఆ సెట్ల వెనక లెక్క తేలికైనది. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు. 15 వోల్టుల బల్బులు ఎనిమిదింటిని ఒకదాని వెంట ఒకటి కలిపితే లెక్క సరిపోతుంది. మన 230 వోల్టులకు 6 వోల్టుల బల్బులైతే దాదాపు 40 కావాలి. దీపావళికీ పెళ్లికీ మన గుమ్మాలకు వేలాడిన సీరియల్ సెట్లు ఈ కుటుంబంలోవే.

ఈ అమరికలో కరెంటుకు ఒక్కటే దారి. ఒక బల్బులో ఫిలమెంటు తెగితే దండంతా చీకటి. మంచి బల్బు ఒకటి పట్టుకుని ఒక్కో చోటా మార్చి చూస్తే చెడ్డది దొరుకుతుంది. చెడ్డవి రెండుంటే మాత్రం ఎన్నిసార్లు మార్చినా దండ వెలగదు, ఎందుకంటే ఒకటి బాగుచేసేసరికి రెండోది దారి మూసే ఉంటుంది.

దీనికి కనిపెట్టిన మందు చాలా చిన్నది. ఫిలమెంటు కింద, పలుచటి నిరోధక పూత ఉన్న ఒక సన్నని తీగ చుట్టారు. మామూలుగా దానిలోంచి కరెంటు పారదు. ఫిలమెంటు తెగిన క్షణంలో మొత్తం వోల్టేజి ఆ ఒక్క బల్బు మీదే పడుతుంది. ఆ దెబ్బకు పూత చిట్లి, తీగ కరెంటుకు దారి ఇస్తుంది. పోయింది పోయినా మిగతావి వెలుగుతాయి. కాకపోతే పోయినదాని వాటా వోల్టేజి మిగిలిన వాటి మీద పడుతుంది. మాడినవి పెరిగేకొద్దీ బతికినవీ తొందరగా మాడిపోతాయి.

ఆ తర్వాత ఫిలమెంటే అక్కర్లేని దీపం వచ్చింది, అదే ఎల్‌ఈడీ. 1962లో నిక్ హోలోన్యాక్ ఎరుపు ఎల్‌ఈడీ తయారుచేశారు. మంచి వెలుగున్న నీలం ఎల్‌ఈడీ కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలం చేతికొచ్చాకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి ఏ రంగైనా పుట్టించడం కుదిరింది.

దీపాలను పాటకు ఆడించాలన్న కోరిక ఈలోగానే ఇళ్ల ముందుకు వచ్చేసింది. ఒహాయోలోని మేసన్‌లో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు 16,000 దీపాలను 88 భాగాలుగా విడదీసి కంప్యూటరుతో పాటకు తగ్గట్టు ఆడించాడు. 2005లో ఆ వీడియో అమెరికా అంతటా తిరిగింది. ఇరుగుపొరుగుకు చప్పుడు కాకుండా, పాటను చిన్న ఎఫ్‌ఎం ప్రసారంతో చూడవచ్చినవాళ్ల కార్లలోకే పంపాడు. అయితే అక్కడ ఆజ్ఞ అందేది దండకు, ఒక్కో దీపానికి కాదు.

ఆ లోటు తీర్చింది పిక్సెల్. డబ్ల్యూఎస్2811 లాంటి చిప్‌ను ప్రతి దీపంలోనూ పెట్టారు. ఒక్కో దీపానికి 24 బిట్ల ఆజ్ఞ, రంగుకు 8 చొప్పున. అంటే 1.67 కోట్ల రంగులు. తీగ మొదట్లో వచ్చే బిట్ల ప్రవాహంలోంచి మొదటి చిప్ తన 24 తీసుకుని, మిగతావి పక్కదానికి అందిస్తుంది. బంతి భోజనంలో పప్పు గిన్నె చేతులు మారినట్టే. ఒక బిట్‌కు పట్టేది 1.25 మైక్రోసెకన్లు. వెయ్యి దీపాలకు 30 మిల్లీసెకన్లు చాలు. సెకనుకు 33 బొమ్మలు మారతాయి.

ఇంత తెలివొచ్చినా పాత జబ్బు మాత్రం వదల్లేదు. ఒక చిప్ పోతే ఆజ్ఞ అక్కడే ఆగి, ఆ తర్వాతవి పలకడం మానేస్తాయి. దీనికి తోడు ఇంకొకటి. తీగ పొడవునా వోల్టేజి తగ్గుతుంది. నీలానికి దాదాపు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే తీగ చివర నీలం ముందు నీరసించి తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. మధ్యలో మళ్లీ కరెంటు అందించడమే మార్గం. దాన్ని పవర్ ఇంజెక్షన్ అంటారు.

ఇలాంటి పాఠాలు ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే అందుతాయి. అందుకే అమెరికాలో ఇళ్ల ముందు ఇలా దీపాలను ఆడించే ఔత్సాహికులు మండువేసవిలో క్రిస్మస్ పని కోసం కలుసుకుంటారు. ఒక రోజు పాటు జరిగే చిన్న కూడికలను మినీలంటారు. అక్కడ ఒక బల్ల దగ్గర రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ అట్టల్లోకి పిక్సెళ్లు గుచ్చుతుంటారు. ఇంకో బల్ల దగ్గర మీటరుతో వోల్టేజి ఎక్కడ పడిపోతోందో చూపిస్తుంటారు. పక్కన ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటకు దీపాలను కూర్చడం నేర్పుతుంటారు. మూడు నిమిషాల పాటకు గంటల కొద్దీ పని. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లూ ఔత్సాహికులే. పదిమందికీ పంచడం వల్లే ఈ దీపం ఇంత వేగంగా ఎదిగిందని నా గట్టి నమ్మకం.

ఇవే పిక్సెళ్లు ఇప్పుడు మన వినాయక చవితి పందిళ్ల మీద, జాతరల్లో దేవుళ్ల బొమ్మలై మెరుస్తున్నాయి. వాటిని కట్టే డెకరేషన్ కుర్రాళ్లలో చాలామంది పని చేస్తూనే నేర్చుకున్నవాళ్లు. పిక్సెల్‌కు అందేది 5 లేదా 12 వోల్టులే కావచ్చు, దాని వెనక పవర్ సప్లైకి వచ్చేది మాత్రం 230 వోల్టులు. వానలో తడిసిన పందిరి దగ్గర ఎర్తింగ్ లేకపోతే ప్రాణాలకే ముప్పు. ఏడాదికి ఒక్క రోజు, పండగల ముందు, ప్రతి జిల్లాలో ఈ కుర్రాళ్లు ఒకచోట కూడాలి. ఐటీఐలో ఒక గది, వోల్టేజి కొలిచే నాలుగు మీటర్లు, అనుభవమున్న ఒక మేస్త్రీ ఉంటే చాలు. అమెరికాలో సరదా కోసం జరిగే ఆ కూడిక, మన దగ్గర వాళ్ల బతుకు తెరువుకూ ప్రాణానికీ కాపు కాస్తుంది.