రోగి మాట అమానతు

ఇంటి పట్టున ఉండి ఏళ్ల తరబడి చేయగల పనుల్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒకటి. డాక్టరు చెప్పి రికార్డు చేసిన మాటలు విని, రోగి రికార్డుగా టైపు చేయడమే ఈ పని. 1990ల చివర హైదరాబాద్‌లో దీనికి శిక్షణ కేంద్రాలు వెలిశాయి.

నేడు మాటలను చాలావరకు కంప్యూటరే అక్షరాలుగా మారుస్తోంది. దాని తప్పులు పట్టగలిగినవారే ఈ పనిలో నిలుస్తారు. హైపర్‌టెన్షన్ అంటే అధిక రక్తపోటు, హైపోటెన్షన్ అంటే తక్కువ రక్తపోటు. ఒకటి రాయబోయి మరొకటి రాస్తే ప్రాణం మీదికి రావచ్చు. వినపడని చోట ఊహించి రాయరాదు. ఖాళీ వదిలి గుర్తు పెట్టాలి.

రోగి సంగతులు మన చేతిలో అమానతు. 1996 నాటి అమెరికా చట్టం ‘హిప్పా’ కూడా ఆ గోప్యతనే కోరుతుంది. ఇంట్లోవారి చెవిన కూడా పడకూడదు.

అందుకే పెద్దలకు మేము చెప్పేదొకటే: అమ్మాయి ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉందని కాదు. ఆమెకో గది, తలుపు, నిశ్శబ్దం ఇవ్వండి.