పది రూపాయల ఎర్ర నోటు చెప్పిన దుబాయ్

ఆకాశహర్మ్యాల నగరం చూద్దామని మిత్రుడితో కలిసి వెళ్తే, క్రీక్ ఒడ్డున తెలుగు అక్షరాలున్న పాత నోటు ఎదురైంది. ఈ కథనంలో ఎక్కువ చోటు దానిదే.

సెలవుల సంచికకు ముఖచిత్ర కథనంగా దుబాయ్ కావాలన్నారు సంపాదకులు. బుర్జ్ ఖలీఫా, బంగారం బజారు, మాల్‌లు, ఎడారి సఫారీ అన్నీ ఉండాలి. నాకు తోడుగా బయల్దేరింది చిన్ననాటి దోస్తు. మాది జగిత్యాల దిక్కు. ఇంట్లో ఒకరైనా గల్ఫ్ ముఖం చూడని వాడకట్టు అక్కడ అరుదు. మావాడి నాన్న 1980లలో బొంబాయి మీదుగా దుబాయ్ వెళ్లి సెంట్రింగ్ పని చేశారు. ఆయన ఉత్తరాలు రాసేవారు కాదు. క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అరుగు మీద టేప్‌రికార్డర్ పెట్టుకుని అందరం చుట్టూ చేరి వినేవాళ్లం. టైగర్ బామ్, మెత్తటి దుప్పటి, సెంటు సీసాల కంటే ఆ క్యాసెట్లే నాకు బాగా గుర్తు. వాటిలో ఆయన ఎక్కువగా చెప్పింది నీళ్ల గురించి, పడవల గురించి. సెలవు రోజున క్రీక్ ఒడ్డుకు వెళ్లి కూర్చోవడమే అప్పట్లో ఆయనకున్న విహారం.

అందుకే విమానం దిగగానే మావాడు తేల్చి చెప్పాడు. "బిల్డింగులు యాడికి పోవు. నాయిన చెప్పిన పడవ ఎక్కనిదే నేను వాపస్ రానురా."

పైనుంచి చూసిన నగరం

ముందు సంపాదకుల మాట నెరవేర్చాం. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. 2004లో పని మొదలైంది, 2010 జనవరి 4న తలుపులు తెరుచుకున్నాయి. 124వ అంతస్తుకు లిఫ్టులో చేరడానికి నిమిషం చాలు. పైనుంచి చూస్తే షేక్ జాయెద్ రోడ్డు, దానికి రెండువైపులా బారులు తీరిన గాజు భవనాలు, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఇసుక. మనిషి కట్టగలిగిన ఎత్తు అది అనుకుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నిర్మాణం ముమ్మరంగా సాగిన రోజుల్లో ఒక్క పూటలో 12 వేల మందికి పైగా అక్కడ పని చేశారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాసియా వాళ్లే. మావాడు అద్దం దగ్గర నిలబడి కిందికి కాదు, పైకప్పు వైపు చూశాడు. "సెంట్రింగ్ ఎట్ల కొట్టిన్రో" అన్నాడు. ఆ టవర్ గురించి నేను విన్న అన్ని వివరాల్లో నాకు నచ్చిన ప్రశ్న అదే.

దేరాలోని బంగారం బజారూ చూశాం. అద్దాల వెనక 64 కిలోల ఉంగరం ఉంది. దాని ముందు ఫొటోలు దిగేవాళ్ల వరుస తరగడం లేదు. ఇవన్నీ చూడదగ్గవే, కాదనను. కానీ ఈ నగరం మీద నాకు ప్రేమ పుట్టింది మాత్రం అక్కడ కాదు.

ఒక దిర్హమ్ ప్రయాణం

మెట్రో రెడ్ లైన్‌లో బుర్‌జుమాన్ వరకు వచ్చి, గ్రీన్ లైన్‌కు మారి అల్ గుబైబాలో దిగితే నాలుగడుగుల్లో క్రీక్. నగరాన్ని దేరా, బర్ దుబాయ్ అని రెండుగా చీలుస్తూ లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఇది. ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ మనుషుల్ని దాటించే చెక్క పడవను ఇక్కడ అబ్రా అంటారు. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద రెండువైపులా కాళ్లు వేలాడేసుకుని వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. దాదాపు ఇరవై మంది పడతారు. బల్లల నడుమ చదరపు గుంట, అందులో పడవ నడిపే మనిషి. డీజిల్ ఇంజన్ చప్పుడు. చార్జీ ఒక దిర్హమ్. టికెట్ కాగితం లేదు, నాణెం చేతిలో పెడితే చాలు.

మా పక్కన కూర్చున్నవాళ్లలో కూరగాయల సంచితో ఒక ఫిలిప్పీన్స్ ఆమె, పని దుస్తుల్లో ఇద్దరు బంగ్లాదేశ్ కుర్రాళ్లు, మెడలో కెమెరాతో ఒక యూరప్ జంట. 828 మీటర్ల ఎత్తున కలవని మనుషులు ఈ బల్ల మీద మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. దేరా ఒడ్డున ఓడలు వరుసగా కట్టేసి ఉన్నాయి. అవి ఇరాన్‌కూ సోమాలియాకూ సరుకు మోసే పెద్ద చెక్క నావలు. వాటిలోకి ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు మనుషులే భుజాల మీద ఎక్కిస్తున్నారు.

మావాడు ఫొటో తీసి నాన్నకు వాట్సాప్‌లో పంపాడు. వాట్సాప్ కాల్స్ ఆ దేశంలో పనిచేయవు. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "గా గడ్డకే గూసునేటోళ్లం బిడ్డా. మా ఊరోళ్లందరం శుక్రారం శుక్రారం ఆడనే కలుస్తుంటిమి. ఎవలకు జాబు అచ్చింది, ఎవలు ఖల్లివెల్లి అయిన్రు, గీ ముచ్చట్లే." ఖల్లివెల్లి అంటే ఏమిటో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కంపెనీ విడిచి, కాగితాలు లేక, బయట దొరికిన పని చేసుకుంటూ బతికేవాడు. ఆ మెసేజ్‌ను మావాడు పడవలోనే మళ్లీ మళ్లీ విన్నాడు.

గాజు పలక కింద మన అక్షరాలు

బర్ దుబాయ్ వైపు బట్టల బజారు వెనక సందులో ఒక పాత వస్తువుల దుకాణం. ఇత్తడి కాఫీ పాత్రలు, తుప్పు పట్టిన తాళాలు, నాణేల గిన్నెలు. యజమాని కేరళలోని కాసరగోడ్ నుంచి కుర్రతనంలోనే వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. మేం ఇండియా వాళ్లమని తెలిసి, బల్ల మీది గాజు పలక పైకెత్తి ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక నోటు తీసి చూపించారు. ఎర్ర రంగు. అశోక స్తంభం మీది సింహాలు. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా. పది రూపాయలు. గవర్నర్ హెచ్.వి.ఆర్. అయ్యంగార్ సంతకం. నంబరుకు ముందు ఇంగ్లిషు 'జెడ్' అక్షరం. మడతల దగ్గర కాగితం దూదిలా మెత్తబడింది. తిప్పి చూస్తే వెనక తెరచాప ఎత్తిన ఓడ బొమ్మ, పక్కన భారతీయ భాషల వరుస. అందులో మన తెలుగు.

మావాడు కవరు మీదే వేలు పెట్టి ఆ అక్షరాలు పైకి చదివాడు. "మా నాయిన రాకముందే మన అక్షరాలు ఈడికి అచ్చినయా?" అన్నాడు. వచ్చాయి. అదీ దొంగచాటుగా కాదు, సర్కారు ముద్రతో వచ్చాయి.

1966 వరకు దుబాయ్ బజారులో నడిచింది మన రూపాయే. ఖర్జూరం కొన్నా, కూలి ఇచ్చినా, బంగారం తూచినా రూపాయల్లోనే. అరబ్ తీరంలోని ఈ చిన్న రాజ్యాలు బ్రిటిష్ రక్షణలో ఉండేవి. వాటి వర్తకం బొంబాయితో, కరాచీతో. అందువల్ల రూపాయి సహజంగానే అక్కడి డబ్బు అయింది. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది మారలేదు.

అయితే చిక్కు బంగారం దగ్గర వచ్చింది. 1947 తర్వాత మన ప్రభుత్వం బంగారం దిగుమతికి అడ్డుకట్ట వేసింది. బయట చవక, ఇక్కడ ప్రియం. దుబాయ్‌లో రూపాయలిచ్చి బంగారం కొని, ఓడల్లో పశ్చిమ తీరానికి చేర్చి అమ్మేవారు. వచ్చిన రూపాయల్ని మళ్లీ గల్ఫ్‌కు తరలించేవారు. ఆ నోట్లు అక్కడి బ్యాంకులకు చేరి, చివరికి రిజర్వ్ బ్యాంకు ముందుకొచ్చి బదులుగా పౌండ్లు అడిగేవి. తన సంతకమున్న నోటును బ్యాంకు కాదనలేదు. అలా రహస్యంగా దిగిన ప్రతి తులానికీ విలువ దేశపు విదేశీ మారక నిల్వల్లోంచి పోయేది.

దానికి విరుగుడే ఈ ఎర్ర నోటు. 1959లో చట్టం సవరించి, గల్ఫ్‌లో మాత్రమే చెల్లే ప్రత్యేక నోట్లు అచ్చువేశారు. నమూనా మన నోటుదే, రంగు వేరు, నంబరుకు ముందు 'జెడ్'. మన దేశంలో చెల్లే నోట్లు అక్కడ చలామణీ నుంచి తప్పుకున్నాయి. రంగు చూసి ఏది ఎక్కడిదో చెప్పొచ్చు కాబట్టి, ఇక్కడి నుంచి దొంగచాటుగా వెళ్లిన రూపాయికి పౌండ్లు ఇవ్వాల్సిన పని లేకపోయింది. బంగారాన్ని మోసిన ఓడలాంటి ఓడ బొమ్మే ఈ నోటు వెనక ఉంది. నమూనా అంతకుముందుదే కాబట్టి అది కాకతాళీయమే. అయినా ఆ బొమ్మ చూస్తూ ఈ కథ తలచుకోకుండా ఉండలేకపోయాను.

ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. అప్పటిదాకా 4.76 రూపాయలున్న డాలర్ 7.50 రూపాయలైంది. ఢిల్లీలో తీసుకున్న ఆ నిర్ణయంతో క్రీక్ ఒడ్డున పెట్టెలో దాచుకున్న పొదుపు మూడో వంతుకు పైగా కరిగింది. తప్పు వాళ్లది కాదు, నష్టం వాళ్లది. దుబాయ్ అదే ఏడాది ఖతార్‌తో కలిసి రియాల్ తెచ్చుకుంది. రూపాయి శకం ముగిసింది.

నోటు అమ్ముతారా అని అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపి, దాన్ని మళ్లీ గాజు కిందికి జరిపారు.

నగరం ఎలా పెరిగిందంటే

చరిత్ర క్లుప్తంగా. 1787 నాటి అల్ ఫహీదీ కోట ఇక్కడ మిగిలిన అతి పాత కట్టడం. 1833లో బనీ యాస్ తెగకు చెందిన అల్ మక్తూమ్ కుటుంబం అబుధాబి వైపు నుంచి వచ్చి స్థిరపడింది. ముత్యాల వేట మీద బతికిన ఊరు, 1930ల మాంద్యం, జపాన్ పెంపుడు ముత్యాల దెబ్బకు చితికింది. 1958లో పాలన చేపట్టిన షేక్ రషీద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి క్రీక్ పూడిక తీయించారు. పెద్ద ఓడలు లోపలికి రావడం మొదలైంది. చమురు బయటపడింది ఆ తర్వాత, 1966లో. 1971 డిసెంబర్ 2న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడింది. 1979లో జెబెల్ అలీ రేవు వచ్చింది. చమురు దొరక్కముందే అప్పు చేసి మరీ నీటిదారిని లోతు చేయించిన ఆ తెగువే ఈ నగరానికి అసలు పునాది అని నా నమ్మకం.

---

బాక్సు: నోటు నడిచిన దారి

1909: దుబాయ్‌లో భారతీయ తపాలా కార్యాలయం మొదలైంది. ఉత్తరాల మీద మన స్టాంపులే అంటించేవారు.

1959: గల్ఫ్ కోసం ప్రత్యేక రూపాయి నోట్లు.

1961: కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. 1965లో బహ్రెయిన్ అదే బాట పట్టింది.

1966: రూపాయి విలువ తగ్గింపు. దుబాయ్, ఖతార్ ఉమ్మడి రియాల్.

1973: ఎమిరేట్స్ మొత్తానికీ దిర్హమ్.

---

బాక్సు: వెళ్లేవారికి

నవంబర్ నుంచి మార్చి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. మన గడియారం కంటే దుబాయ్ గంటన్నర వెనక.

మెట్రో, బస్సులకు నోల్ కార్డు కొనుక్కుంటే సులువు. దేరా, బర్ దుబాయ్ ఒడ్డుల మధ్య తిరిగే అబ్రాకు దిర్హమ్ నాణేలు దగ్గర పెట్టుకోండి. మెట్రోలో మహిళలకు, పిల్లలకు విడిగా చోటుంటుంది, గమనించి ఎక్కండి.

తెలుగు భోజనం కావాలంటే కరామా వైపు వెళ్లండి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించడం అక్కడ నిషేధం. ఆ వేళ మీరూ నీడపట్టున ఉండండి.

పని కోసం వెళ్లేవారికి ఒక మాట. విజిట్ వీసా మీద పనికి వెళ్లవద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

---

మనవాళ్ల చిరునామా

చివరి సాయంత్రం మాల్‌కు వెళ్లాల్సింది, మళ్లీ క్రీక్ దగ్గరికే వెళ్లాం. ఆదివారం కావడంతో గట్టు పొడవునా గుంపులు. ఒకచోట మలయాళం, ఒకచోట బెంగాలీ. ఇంకాస్త ముందుకు వెళ్తే మా యాస వినిపించింది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు కుర్రాళ్లు, రాయచోటి నుంచి వచ్చిన ఒకాయన. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. డబ్బులు ఇవ్వనివ్వలేదు. ఒకాయన ఇల్లు కట్టిస్తున్నాడట, ఇంకొకాయన చెల్లెలి పెళ్లికని ఆగాడట. టవర్ ఎక్కారా అని అడిగాం. ఇద్దరే ఎక్కామన్నారు. మిగిలినవాళ్లకు అది బస్సు కిటికీలోంచి రోజూ కనిపించే గుర్తు.

దుబాయ్ అంటే మెరుపే అనుకుని వెళ్లేవారికి ఆ మెరుపు దొరుకుతుంది. దాన్ని చూసి ఆనందించడంలో తప్పేమీ లేదు. కానీ తెలుగువాళ్లకు ఈ నగరం పరాయి ఊరు కాదు. మన అక్షరాలున్న నోటు ఇక్కడి బజారులో చెల్లింది, మనవాళ్ల రెక్కల కష్టం ఇక్కడి గోడల్లో ఉంది. విహారానికి వెళ్లే మనం ఆ రెంటినీ చూడకుండా తిరిగొస్తే సగం నగరమే చూసినట్టు.

కాబట్టి టికెట్ తీసుకునే ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో దుబాయ్‌లో పని చేసి వచ్చిన మనిషి ఒకరు తప్పక ఉంటారు. వెళ్లి కూర్చుని, ఎక్కడ ఉండేవారు, సెలవు రోజున ఎక్కడ కలిసేవారు అని అడగండి. దుబాయ్‌లో దిగాక ముందుగా ఆ చోటికే వెళ్లండి, ఒక ఫొటో తీసి వారికి పంపండి. బుర్జ్ ఖలీఫా మర్నాడు ఎక్కినా నష్టం లేదు.