అవార్డు తెలుగుకు, ఓటు హిందీలో

టాటా ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ చేరిన తెలుగువాళ్లకు బిష్టుపూర్‌లో సొంతంగా ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే ఉంది. వారి మనవల తరం సినీ అభిమాని 69వ జాతీయ అవార్డులకు తన జాబితా తానే రాసుకుంటే ఉత్తమ నటుడి దగ్గర పేచీ రాదు. 'పుష్ప'కు అల్లు అర్జున్. 2023 ఆగస్టులో జ్యూరీ తేల్చిందీ అదే. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అక్టోబరులో దాన్ని అందించిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అంతకుముందు జార్ఖండ్ గవర్నరే.

కాకపోతే హిందీ పుష్పరాజ్ గొంతు శ్రేయస్ తల్పడేది. హిందీలోనే చూసిన కుర్రాడి ఓటు సగం నటనకే పడ్డట్టు. 'ఆర్ఆర్ఆర్' నెగ్గిన ఆరింటిలో నృత్యానికి, పోరాటాలకు, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆ బెడద లేదు. ఏ భాషలో చూసినా గంతు గంతే.

చిక్కల్లా 'కొండపొలం' పాటకు చంద్రబోస్ అందుకున్న గీత రచన అవార్డుతోనే. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో హిందీ, ఇంగ్లిష్ చదివిన మనవడు ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. లేదంటే, ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' రాసింది ఈయనే కదా అని గుడ్డిగా టిక్కు పెట్టాలి. నిజానికి ఆ ఒక్క ఓటు తాతయ్యది.