గొడుగును తిప్పే పెట్టె

పాత సామాను కొనేవాడు అరుగుమీద కూర్చున్నాడంటే ఆ ఇంట్లో ఏదో ఒక తగాదా నడుస్తున్నదన్నమాట. మొన్న వేసవి సెలవులలో అమలాపురం దగ్గర మా అక్కయ్యగారి ఊరు వెళ్ళేసరికి అదే జరుగుతున్నది. తగాదా డాబామీది ఎనిమిదడుగుల డిష్ గురించి. దానిని ఇనుము ధరకు తూచి ఇచ్చేయాలని అక్కయ్య. ప్రాణం పోయినా ఇవ్వనని బావగారు. తక్కెడ పట్టుకొని కూర్చున్నవాడు మాత్రం మజ్జిగ తాగుతూ నిశ్చింతగా ఉన్నాడు.

ఆ గొడుగు కథ కొంత చెప్పాలి. 1991లో ఆసియాశాట్-1 అనే ఉపగ్రహం ద్వారా స్టార్ టీవీ ప్రసారాలు మొదలుకాగానే మన పల్లెలలో కూడా డాబాలమీద ఇనుప వలల గొడుగులు మొలిచాయి. బావగారు కూడా ఒకటి పెట్టి, నాలుగు వీధులకు తీగలు లాగారు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చేసరికి ఊళ్ళో ఆయనకు కరణంగారికున్నంత పలుకుబడి! ఏ ఉపగ్రహం కావాలంటే ఆ వైపు గొడుగు తిరగడానికి దాని వీపున ఒక మోటారు చెయ్యి ఉండేది. దానినే యాక్చువేటర్ అంటారు. లోపల పొడుగాటి మర, దానిని తిప్పే చిన్న మోటారు. మర తిరిగితే గొట్టంలోనుంచి ఇంకొక గొట్టం బయటికి సాగుతుంది, వెనక్కు తిరిగితే ముడుచుకొంటుంది. క్రింద గదిలో మీటలున్న ఒక పెట్టె ఉండి, దానికి తూర్పు పడమరలు చెబుతూ ఉండేది.

ఇంటింటికీ చిన్న డిష్‌లు వచ్చాక తీగల వ్యాపారం మూతపడింది. పెట్టె అటకెక్కింది, గొడుగు డాబామీదే ఉండిపోయింది. ఇప్పుడు డెబ్బయ్యో పడిలో పడ్డ బావగారికి దానిని మళ్ళీ తిప్పి ఆకాశంలో ఏమేమి దొరుకుతాయో వెదకాలని బుద్ధి పుట్టింది. పెద్దతనంలో కొందరు కాశీకి వెళతారు. ఈయన 36,000 కిలోమీటర్ల పైకి వెళతానంటారు.

అక్కయ్య పట్టుదలకూ కారణం లేకపోలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమలో ఉన్నవారెవరూ దానిని మరచిపోలేరు. నాకప్పుడు పదహారేళ్ళు, దీపావళి దగ్గరపడిందని అక్కయ్యగారింటికి వచ్చి ఉన్నాను. సాయంకాలానికే కరెంటు పోయింది. గొడుగు తూర్పు వైపు ఆసియాశాట్‌ను చూస్తూ పక్కకు ఒరిగి ఉండిపోయింది. పెట్టెకు కరెంటు లేదు గనుక దానిని కదిలించే దారి లేదు. చీకటిలో ఇనుము మూలిగిన చప్పుడు ఒకటి విన్నాం. తెల్లవారి చూస్తే మోటారు చెయ్యి కొడవలిలా వంగి ఉన్నది, గొడుగు పక్కింటివారి పెంకులమీద ఉన్నది. ఆ పెంకుల క్రింద పడుకొనే ముసలమ్మ ఆ రాత్రి మా ఇంట్లో తలదాచుకోబట్టి బ్రతికిపోయింది. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తరువాత గొడుగు బాగుచేయించి కొత్త చెయ్యి బిగించారు గాని, అక్కయ్య గుండెలో భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

చివరకు ఆమే ఒక షరతు పెట్టింది. “గాలివాన వస్తుందనగానే నేను మీట నొక్కితే అది వెల్లకిలా పడుకోవాలి. కరెంటు ఉన్నా సరే, లేకపోయినా సరే. అలా చేయగలిగితే ఉంచండి, లేకపోతే తూకానికి ఇచ్చేయండి.” ఆదివారం దాకా గడువు. సామానువాడు రెండో గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. ఈ పంచాయితీలో నాకు పని లేదు. కాని మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు చెబుతూంటే వినగా వినగా, ఇదేదో వ్యాకరణంకంటే కష్టం కాదనిపించింది.

అక్కయ్య అడిగినది మన ప్రాంతంలో నిజంగా సాధ్యమే. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఒకే వరుసలో ఉంటాయి. రాజమహేంద్రవరం అక్షాంశం 17 డిగ్రీలు. అందుచేత మనకు నేరుగా దక్షిణాన ఉన్న ఉపగ్రహం దాదాపు 70 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి కొంచెం ఇవతల ఉంటుంది. దానిని చూసే గొడుగు నీళ్ళ పళ్ళెంలా ఇంచుమించు వెల్లకిలా పడుకొని ఉంటుంది. గాలికి అంచు తప్ప ఏమీ దొరకదు. ఐరోపాలో అయితే అది గోడలా నిలబడాలి! ఇంకొక అదృష్టం: 2020 జనవరిలో మనవాళ్ళు పంపిన జీశాట్-30 ఉన్న చోటు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. మన రేఖాంశం 82కు దగ్గర. అంటే ఆ ఉపగ్రహాన్ని చూస్తూ ఉన్నంతసేపూ గొడుగు పడుకొనే ఉంటుందన్నమాట.

ఇక దానిని అక్కడికి చేర్చే పెట్టె ఏది?

అటకమీది పాతదానిని దింపారు. లోపల ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు, పైన దుమ్ము, అడుగున బొద్దింకలు. తగిలిస్తే గుయ్యిమన్నది గాని మోటారు కదలలేదు. కదిలినా లాభం లేదు. 230 వోల్టుల కరెంటు లేకపోతే అదీ మూగే. 1996లో మనలను ముంచినది అదే గదా!

బజారులో కొత్తరకం చిన్న పెట్టె ఒకటి దొరుకుతున్నది. దానిని రిసీవరునుంచి వచ్చే కేబులులోనే కూర్చితే, రిసీవరు పంపే సంకేతాలను చదివి మోటారును తిప్పుతుంది. టీవీ చూసుకోవడానికి చాలా సుఖమైనది. కాని గాలివాన రాత్రి టీవీ పెట్టి, రిసీవరులో పట్టిక వెదకి, గొడుగును పడుకోబెట్టడం అక్కయ్యవల్ల అయ్యే పని కాదు. దానికీ ఇంటి కరెంటే కావాలి.

మేనల్లుడు ఇంకొకటి తెప్పించాడు. అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్ద పలక, దానిమీద “43 ఆంపియర్లు” అని ఘనంగా వ్రాసి ఉన్నది. “మన మోటారుకు మూడు ఆంపియర్లు చాలు మావయ్యా, ఇది ఏనుగు!” అన్నాడు. ఆ పలక తయారీదారు ఇచ్చిన కాగితం నేనే చదివాను. చదవడం నా వృత్తి గదా. అది ఓర్చుకొనేది 27 వోల్టులవరకే. యాక్చువేటర్ మోటారుకు కావలసినవి 36. ఆంపియర్లు చూసి మురిసి వోల్టులు చూడకపోతే ఏనుగు మొదటి రోజే పొగ అవుతుంది. వాడు నాలుక కరచుకొన్నాడు.

ఆఖరికి రిలేలు రెండు పెట్టి వాడే కట్టాడు. నాకు మిక్కిలి నచ్చినది ఈ ఏర్పాటే. మోటారు తీగలు రెండూ ఒక్కొక్క రిలేకు వెళతాయి. ఊరికే ఉన్నప్పుడు రెండు తీగలూ ఋణధ్రువానికే అంటుకొని ఉంటాయి. ఒక రిలే పైకి లేస్తే మోటారు తూర్పుకు, రెండోది లేస్తే పడమరకు. పొరపాటున రెండూ ఒక్కసారి లేచినా రెండు తీగలూ ధనధ్రువానికి తగులుతాయే గాని మంట పుట్టదు. పైగా మీట వదలగానే మోటారు తీగలు ఒకదానికొకటి కలిసిపోవడంవల్ల దానికి బ్రేకు పడుతుంది. రిలే కొనేటప్పుడు మాత్రం పైన వ్రాసిన 230 వోల్టుల ఏసీ అంకె చూసి మోసపోరాదు. డీసీ కరెంటుకు నిప్పురవ్వ ఆరడం కష్టం, డీసీ అంకె విడిగా చూడాలి. చాలావాటిమీద అది 30 వోల్టులే ఉంటుంది. మన బ్యాటరీలు నిండుగా ఉంటే 41 దాకా వస్తాయి.

బ్యాటరీలంటే ఎక్కువ కాదు. కంప్యూటరు యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టులవి మూడు వరుసగా కలిపితే 36. గొడుగు ఈ చివరనుంచి ఆ చివరకు తిరగడం కొద్ది నిమిషాల పనే. వాటిమీద పెద్ద బరువేమీ పడదు. ఇంటి కరెంటు వాటిని నింపుతూ ఉంటుంది.

లెక్క సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మోటారు తిరిగేకొద్దీ లోపలి అయస్కాంతం ఒక చిన్న మీటను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. జపమాల పూసల్లా ఆ తట్లను లెక్కపెట్టుకొని గొడుగు ఎక్కడున్నదీ పెట్టె తెలుసుకొంటుంది. ఎనిమిదడుగుల గొడుగుకు చూపు రెండు డిగ్రీలే గనుక కొద్ది పూసలు తప్పినా బొమ్మ పోతుంది. తట్టు ఏ వైపుదో మీటకు తెలియదు, పెట్టే గుర్తుంచుకోవాలి. కరెంటు ఆగిన తరువాత కూడా మోటారు క్షణంసేపు జారుతుంది, ఆ తట్లనూ లెక్కించాలి. పాత పెట్టెలలో లెక్క తప్పడానికి ఇదొక కారణం. అన్నిటికంటె ముఖ్యమైనది: కరెంటు ఇస్తున్నా రెండు క్షణాలు తట్టు రాలేదంటే చెయ్యి ఎక్కడో ఇరుక్కొన్నదని అర్థం. వెంటనే ఆపేయాలి. మేనల్లుడు అలాగే వ్రాశాడు. దానిపైన ఒక ఫ్యూజు కూడా పెట్టాడు. మోటారులో చివరల నుండే ఆపుడు మీటలను అంతగా నమ్మలేము. సముద్రపు ఉప్పుగాలికి అవి ఎప్పుడో తుప్పుపట్టాయి. వాటిని మార్చి, గొట్టం అడుగున మూసుకుపోయిన నీటి రంధ్రం సూదితో పొడిస్తే చెంచాడు ఎర్రనీళ్ళు కారాయి.

తీగ దగ్గర బావగారు లోభం చూపారు. సన్నతీగ చాలదా అన్నారు. డాబామీదికి 30 మీటర్లు, పోను రాను 60. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగైతే మూడు ఆంపియర్లకు మూడు వోల్టులపైన దారిలోనే ఖర్చు. లావుతీగే కొన్నాం.

శనివారం సాయంకాలం పరీక్ష. గొడుగును బాగా తూర్పుకు ఒరిగించి ఉంచారు. అక్కయ్య ముందు మెయిన్ స్విచ్ తీసేసింది. ఫ్యాను ఆగింది. “ఇప్పుడు చెప్పరా, ఏది నొక్కాలి?” అన్నది. పెట్టెమీద ఎర్రమీట ఒకటే పెద్దది. దానిక్రింద మేనల్లుడు “పడుకో” అని వ్రాసి అంటించాడు. నొక్కింది. పైన గరగర చప్పుడు మొదలయింది. మేమందరం పెరట్లోకి పరుగెత్తాం. గొడుగు ముసలి ఏనుగులా నెమ్మదిగా లేచి, ఆకాశంవైపు తిరిగి ఆగింది. పక్కింటి పెంకులమీద ఇప్పుడు దాని నీడ కూడా లేదు.

అక్కయ్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి స్విచ్ వేసి, మళ్ళీ తీసి, గొడుగును తూర్పుకు తిప్పించి, ఇంకొకసారి ఎర్రమీట నొక్కి చూసింది.

ఆదివారం సామానువాడు తక్కెడతో వచ్చాడు. అటకమీది పాత పెట్టె తూచి ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మరులోని రాగికి మంచి ధరే పలికింది.